తిరుగు ప్రయాణం నుంచి మొదలయ్యే లెక్క

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడిలో ఏటా రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ, ఉదయపు కిరణాలు గోపురం దాటి వచ్చి నేరుగా మూలవిరాట్టును తాకుతాయి. ఆ కాసేపటి కోసం జనం చీకటితోనే వచ్చి క్యూలో నిలబడతారు. సరిగ్గా ఆ సమయానికి మబ్బు పట్టిందా, చేసేదేం లేదు. మార్చిలో తప్పిపోతే అక్టోబర్ దాకా, అప్పుడూ తప్పిపోతే మళ్లీ మార్చి దాకా ఆగాల్సిందే. ఈ తేదీల వెనకున్న లెక్క తేలికైనదే. రెండు సందర్భాల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా ఇంచుమించు నాలుగు డిగ్రీల దగ్గర ఉంటాడు. మార్చిలో ఉత్తరానికి వస్తూ ఒకసారి, అక్టోబర్‌లో దక్షిణానికి పోతూ ఒకసారి అదే చోటును దాటుతాడు.

అంగారక గ్రహానికి వెళ్లాలన్నా ఇలా తేదీల కోసం కాచుకోవాల్సిందే. సూర్యుడి చుట్టూ తిరగడానికి భూమికి ఏడాది పడితే అంగారకుడికి 687 రోజులు పడుతుంది. తక్కువ ఇంధనంతో అక్కడికి చేరుకునే వీలు దాదాపు 26 నెలలకోసారి వస్తుంది. మంగళయాన్‌ను హడావుడిగా 2013 నవంబర్ 5న పంపింది అందుకే. అప్పుడు కాకపోతే 2016 దాకా ఆగాల్సివచ్చేది. యంత్రానికైతే ఇంతటితో లెక్క సరి, అది మళ్లీ రానక్కర్లేదు. మనిషిని పంపితే మాత్రం వెనక్కి వచ్చే తేదీ కూడా ముందే చూసుకోవాలి. భూకక్ష్య దాటి మనుషుల్ని పంపే ప్రణాళికలన్నిటిలో కష్టమంతా ఈ ఒక్క చోటే ఉంది. టీవీల్లో, పత్రికల్లో చర్చ మాత్రం ఎంత పెద్ద రాకెట్, ఎన్ని టన్నులు, ఏ దేశం ముందు అన్న దగ్గరే తిరుగుతుంటుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉన్నది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో. శ్రీకాకుళం నుంచి విజయవాడకు రోడ్డు మీద అంతకన్నా ఎక్కువే అవుతుంది. అక్కడ ఉన్నవాళ్ల కోసం ఎప్పుడూ ఒక వ్యోమనౌక సిద్ధంగా తగిలించి ఉంటుంది. ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా, కేంద్రానికే ప్రమాదం వచ్చినా, అందులో ఎక్కి కొన్ని గంటల్లో భూమ్మీదికి దిగిపోవచ్చు. సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2024 జూన్ 5న ఎనిమిది రోజుల పని మీద వెళ్లి, 286 రోజులు ఉండిపోయి, 2025 మార్చి 18న దిగారు. 'చిక్కుకుపోయారు' అంటూ టీవీలు గోల పెట్టాయి. నిజానికి ఆ తొమ్మిది నెలలూ సరుకు నౌకలు వస్తూ పోతూనే ఉన్నాయి. సెప్టెంబర్ చివర్లో వాళ్లిద్దరి కోసం రెండు సీట్లు ఖాళీగా ఉంచుకుని ఒక డ్రాగన్ నౌక వచ్చి అక్కడే ఆగింది. అనుకున్న తేదీలు తప్పాయి, అంతే. ఇంటికొచ్చే దారి మూసుకుపోలేదు.

చంద్రుడి దగ్గర ఉన్నప్పుడు ఇలా వెంటనే వెనక్కి రావాల్సి వస్తే ఇల్లు చేరడానికి మామూలుగా మూడు రోజులు పడుతుంది. అంగారకుడి దారిలో బయల్దేరిన రెండు నెలలకు ఎవరికైనా అపెండిసైటిస్ వచ్చిందనుకుందాం. అంత వేగంతో భూమిని వదిలిన నౌకను ఆపి వెనక్కి తిప్పే ఇంధనం అందులో ఉండదు. ముందుకు పోవడమే. అందుకే అంతరిక్షంలో దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా, తిరిగి రావడానికి పట్టే కాలంతో కొలుచుకోవాలి. అంతరిక్ష కేంద్రం నుంచి గంటలు, చంద్రుడి నుంచి రోజులు, అంగారకుడి నుంచి రెండున్నరేళ్లు.

ఈ తేడా ఎంత పనిచేస్తుందో చంద్రుడి మీదికి బయల్దేరిన అమెరికా నౌక అపోలో 13 చూపించింది. 1970 ఏప్రిల్ 13న, భూమికి 3.2 లక్షల కిలోమీటర్ల దూరంలో, ప్రధాన నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఆ ఆక్సిజన్‌తోనే కరెంటు కూడా తయారవుతుంది కాబట్టి నౌక మొత్తం చచ్చుబడింది. ముగ్గురు వ్యోమగాములూ చంద్రుడి మీద దిగడానికి తీసుకెళ్తున్న లూనార్ మాడ్యూల్‌లోకి మారారు. ఇద్దరు మనుషులు రెండు రోజులు గడపడానికి చేసిన డబ్బా అది. అందులో ముగ్గురు దాదాపు నాలుగు రోజులు బతకాలి. ఆక్సిజన్ సరిపోయింది. సమస్య వాళ్లు వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో వచ్చింది. దాన్ని పీల్చేసే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు ప్రధాన నౌకలో కావలసినన్ని ఉన్నాయి, కానీ అవి నలుచదరంగా ఉన్నాయి. లూనార్ మాడ్యూల్‌లో వాటిని పెట్టే చోటు గుండ్రంగా ఉంది. హ్యూస్టన్‌లోని నాసా కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్లు నౌకలో దొరికే సామాన్లతోనే, అంటే ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, స్పేస్‌సూట్ గొట్టాలు, టేపుతో, ఒక అమరిక కట్టి చూసుకున్నారు. తర్వాత ఏది ఎక్కడ అతికించాలో రేడియోలో ఒక్కొక్కటిగా చదివి చెప్పారు. ఏప్రిల్ 17న ముగ్గురూ క్షేమంగా సముద్రంలో దిగారు.

ఇంజనీర్ల సమయస్ఫూర్తికి ఉదాహరణగా ఈ కథ చెబుతుంటారు, అందులో తప్పులేదు. ప్రణాళిక వేసేవాళ్లు చూడాల్సింది ఇంకోటి ఉంది. కలిసి ప్రయాణించే రెండు నౌకలను రెండు కంపెనీలు చేశాయి, ఒకే పని చేసే డబ్బాలు రెండు ఆకారాల్లో వచ్చాయి. భూకక్ష్యలో అయితే ఇది చిన్న చికాకు. అక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. ఇప్పుడు చంద్రుడి యాత్రల కోసం దేశాలు కలిసి రాసుకుంటున్న ప్రమాణాల్లో డాకింగ్ (నౌకలు ఒకదానికొకటి అతుక్కునే) ద్వారం, కరెంటు, గాలి వ్యవస్థలు ఒకరివి ఒకరికి సరిపోవాలన్న నిబంధన ముందే ఉంటోంది. అదృష్టం పాలు కూడా తక్కువేం కాదు. పేలుడు చంద్రుడి మీద దిగి వచ్చాక, తిరుగు ప్రయాణంలో జరిగి ఉంటే లూనార్ మాడ్యూల్ అప్పటికే వదిలేసి ఉండేవాళ్లు. తలదాచుకోవడానికి ఇంకో నౌక ఉండేది కాదు.

అసలు చంద్రుడి మీదికి ఎలా వెళ్లాలన్న దాని మీదే 1961, 62 సంవత్సరాల్లో నాసాలో పెద్ద గొడవ నడిచింది. ఒకే పెద్ద నౌకలో నేరుగా వెళ్లి దిగి రావాలని కొందరు, భూకక్ష్యలో ముక్కలు అతికించుకుని వెళ్లాలని కొందరు పట్టుబట్టారు. జాన్ హౌబోల్ట్ అనే ఇంజనీర్ మూడో దారి చెప్పాడు. పెద్ద నౌకను చంద్రుడి కక్ష్యలో తిరుగుతూ ఉంచి, చిన్న నౌకలో దిగి, మళ్లీ పైకి వచ్చి దానికి అతుక్కోవాలి. వినడానికి పిచ్చిగా ఉంది. అప్పటికి ప్రపంచంలో ఎవరూ రెండు నౌకలను భూకక్ష్యలో కూడా కలపలేదు, మొదటి డాకింగ్ 1966 మార్చిలో గానీ జరగలేదు. అలాంటిది 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో కలపాలంటాడు. అయినా 1962 జూలైలో నాసా ఆ దారే ఎంచుకుంది. కారణం బరువు. భూమికి తిరిగి రావడానికి కావలసిన ఇంధనం, హీట్ షీల్డ్ (వేడిని తట్టుకునే కవచం), పారాచూట్లు చంద్రుడి మీద ఎందుకూ పనికిరావు. వాటిని కిందికి దించి మళ్లీ పైకెత్తడం దండగ. అపోలో రాకెట్ సాటర్న్-5 బయల్దేరేటప్పుడు దాదాపు 2,900 టన్నులు ఉండేది. చివరికి సముద్రంలో దిగిన క్యాబిన్ ఐదు, ఐదున్నర టన్నులు. ఇంటికి తెచ్చుకునే ఒక్కో కిలోకూ కింద వందల కిలోలు పేర్చుకోవాలన్నమాట.

చంద్రుడి మీది నుంచి పైకి లేచే ఇంజన్ ఒక్కటే ఉండేది. రెండోది పెట్టుకునే బరువు లేదు. అది మండకపోతే ఇద్దరు మనుషులు అక్కడే ఉండిపోతారు, పైన తిరుగుతున్న మూడో వ్యక్తి ఒంటరిగా రావాలి. అందుకే ఆ ఇంజన్‌ను వీలైనంత తేలిగ్గా, సూటిగా చేశారు. పంపులు లేవు, నిప్పు పెట్టే స్పార్క్ లేదు. హీలియం ఒత్తిడికి రెండు ద్రవాలు గొట్టాల్లో వస్తాయి, ఒకదాన్నొకటి తాకగానే వాటంతటవే మండుతాయి. ఇంతకన్నా బాగా పనిచేసే ఇంధనాలు అప్పటికే ఉన్నాయి. చెడిపోవడానికి వీలున్న భాగాలు తగ్గించుకోవడం కోసం వాటిని వదులుకున్నారు. దిగిన ఆరుసార్లూ ఆ ఇంజన్ మండింది. లేటెస్ట్ టెక్నాలజీ అంటే చాలు మురిసిపోయే వాళ్లకు ఈ మొరటు ఇంజన్ అంతగా రుచించదు, కానీ అపోలోలో అన్నిటికన్నా మంచి నిర్ణయం ఇదే అనిపిస్తుంది.

అంగారకుడికి వచ్చేసరికి తిరుగు ప్రయాణపు లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. వెళ్లడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. అక్కడికి చేరేసరికి భూమి తన దారిన ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ రెండూ తిరుగు ప్రయాణానికి సరిపడే స్థితికి రావాలంటే 500 రోజుల పైచిలుకు అక్కడే కాచుకోవాలి. మొత్తం కలిపి 900 రోజులు దాటుతుంది. ఇంత కాలం ఎందుకు, నెలో రెండు నెలలో ఉండి వచ్చేయొచ్చు కదా అంటే, దానికీ ఒక దారి ఉంది. శుక్రుడి పక్కనుంచి దాని ఆకర్షణను వాడుకుంటూ రావాలి. ఇంధనం చాలా ఎక్కువ ఖర్చవుతుంది, అయినా మొత్తం ప్రయాణం ఏడాదిన్నర, రెండేళ్లకు తగ్గదు. పైగా అందులో ఎక్కువ రోజులు గ్రహం మీద కాక శూన్యంలోనే గడుస్తాయి. అంత దూరం పోయి ముప్పై రోజులు ఉండి రావడానికి ఎక్కువ ఖర్చు, ఎక్కువ రేడియేషన్. కాగితం మీద పొట్టిగా కనిపించే ఈ దారి కన్నా పొడుగు దారే మేలు. కాకపోతే పొడుగు దారిలో యంత్రాలు మూడేళ్లు చెడిపోకుండా ఉండాలి, చెడిపోతే అక్కడున్నవాళ్లే బాగు చేసుకోవాలి.

ఆ యంత్రాల్లో మొదటిది నీళ్లది. తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి ఒక మనిషికి రోజుకు 3.8 లీటర్లు అనుకుంటే, నలుగురికి 900 రోజులకు 13,680 లీటర్లు. వేసవిలో ఊళ్లకు వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు. అంత బరువు అంగారకుడి దాకా మోయడం కుదరని పని. అందుకే మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ అన్నీ పట్టి మళ్లీ తాగునీరు చేయాలి. అంతరిక్ష కేంద్రంలో ఈ వ్యవస్థ 2023లో 98 శాతం నీటిని తిరిగి రాబట్టే స్థాయికి చేరింది. ఇది ఊరికే రాలేదు. 2008లో అక్కడ పెట్టిన మూత్రం శుద్ధి యంత్రం మరుసటి ఏడాదే మొరాయించింది. విప్పి చూస్తే లోపల కాల్షియం సల్ఫేట్ పేరుకుపోయి ఉంది. భూమ్మీద పరీక్షించినప్పుడు ఈ ఇబ్బంది ఇంతగా కనిపించలేదు. బరువు తెలియని చోట ఎముకలు నెలకు ఒక శాతం, ఒకటిన్నర శాతం చొప్పున సాంద్రత కోల్పోతాయి. ఆ కాల్షియం మూత్రంలోకి వస్తుంది. దానికి తోడు మూత్రం పాడవకుండా కలిపే సల్ఫ్యూరిక్ ఆసిడ్. రెండూ కలిసి యంత్రానికి అడ్డుపడ్డాయి. తర్వాత ఆ ఆసిడ్ మార్చి ఫాస్ఫారిక్ ఆసిడ్ వాడటం మొదలుపెట్టారు. మనిషి ఎముకలు కరిగితే నీళ్ల యంత్రం ఆగిపోతుందని డ్రాయింగ్ బోర్డు మీద ఎవరు ఊహిస్తారు? ఏళ్ల తరబడి పైన నడిపి చూస్తే గానీ ఇలాంటివి బయటపడవు.

అదే కాల్షియం కిడ్నీల్లో రాళ్ల ముప్పు కూడా పెంచుతుంది. కిడ్నీ జబ్బంటే ఏమిటో, ఆసుపత్రి దూరంగా ఉండటమంటే ఏమిటో ఉద్దానం పల్లెలకు ఒకరు చెప్పక్కర్లేదు. డయాలసిస్ యూనిట్లు సోంపేట, పలాస దాకా రాకముందు కవిటి, కంచిలి నుంచి రోగులు విశాఖ దాకా పోయి వచ్చేవారు. అది ఒక రోజు ప్రయాణం, అదే కొందరికి భరించలేనంత అయింది. అంగారక యాత్రలో డాక్టరు ఉంటే నౌకలోనే ఉండాలి, ఆ డాక్టరుకే జబ్బు చేస్తే మిగతావాళ్లు చూసుకోవాలి. భూమి నుంచి సలహా అడిగితే మాట వెళ్లడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు. జవాబు రావడానికి మళ్లీ అంతే. గ్రహాల మధ్యకు సూర్యుడు అడ్డొచ్చినప్పుడు ఇంచుమించు రెండు వారాలు మాటే ఉండదు. అపోలో 13కు చేసినట్టు ఒక్కో మెట్టూ చదివి చెప్పే అవకాశం ఉండదు. నిర్ణయాధికారం కంట్రోల్ రూమ్ నుంచి నౌకలోకి మారాల్సి వస్తుంది. దీనికి ఏ అంతరిక్ష సంస్థా ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. నలుగురైదుగురు మనుషులు ఏళ్ల తరబడి ఒకే గదిలో సర్దుకుపోవడం ఎలాగన్నది చూడటానికి 2010-11లో మాస్కోలో ఆరుగురిని 520 రోజులు తలుపులేసి ఉంచారు. అందరూ బయటికి వచ్చారు, కానీ తలుపు తీస్తే బయట మాస్కో ఉందని వాళ్లకు తెలుసు.

రేడియేషన్ సంగతి అంకెల్లోనే తెలుస్తుంది. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్తూ దారిలో కొలిచింది రోజుకు 1.84 మిల్లీసీవర్ట్లు. రానూ పోనూ 360 రోజులకు దాదాపు 660. నేల మీద రోజుకు 0.67 చొప్పున 500 రోజులకు ఇంకో 335. నాసా తన వ్యోమగామికి జీవితకాలం మొత్తానికి పెట్టుకున్న పరిమితి 600. అంటే ఒక్క యాత్రతోనే దాటిపోతుంది. గోడలు మందం చేస్తే చాలదా అంటే, లోహపు గోడను తాకిన విశ్వకిరణాలు (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు) కొత్త కణాల్ని పుట్టిస్తాయి. హైడ్రోజన్ ఎక్కువున్న నీరు, పాలిథిన్ లాంటివి మేలు. అందుకే నీళ్ల ట్యాంకులు, ఆహారం చుట్టూ పేర్చి మధ్యలో దాక్కునే గది ఉండాలంటారు, అది సూర్యుడి నుంచి రేడియేషన్ ఒక్కసారిగా విరుచుకుపడే సౌర తుపానుల కోసం. 1972 ఆగస్టులో అలాంటి పెద్ద తుపాను వచ్చింది. ఏప్రిల్‌లో అపోలో 16 వచ్చేసింది, అపోలో 17 డిసెంబర్‌లో వెళ్లింది, కాబట్టి దారిలో ఎవరూ లేరు.

ఇక మన సంగతి. గగన్‌యాన్ లక్ష్యం ముగ్గుర్ని 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపి మూడు రోజుల్లో తీసుకురావడం. ఆ తర్వాత 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడు అని 2023లో ప్రభుత్వం లక్ష్యాలు పెట్టింది. రాకెట్ శ్రీహరికోట నుంచి లేస్తుంది కాబట్టి అందరి చూపూ అటే. తిరిగి వచ్చే పనిలో కొంత మాత్రం విశాఖలో జరుగుతోంది. సముద్రంలో దిగిన క్యాబిన్‌ను ఎలా పట్టుకుని ఓడలోకి ఎక్కించాలో ఇస్రో, నౌకాదళం 2023 జూలైలో విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో సాధన చేశాయి. 2024 డిసెంబర్‌లో విశాఖ తీరం దగ్గర ఓడ అడుగుభాగంలోకి నీళ్లు నింపి, క్యాబిన్‌ను లోపలికి లాగి చూశాయి. అలల మీద ఊగే డబ్బాకు తాడు కట్టడం టీవీలో చూపించేంత అందంగా ఉండదు గానీ, లోపల మనుషులుంటే ఆ పని ఎంత తొందరగా అయితే అంత మంచిది.

చంద్రయాన్-3లో కూడా దిగడం గురించే అందరూ మాట్లాడుకున్నారు. మనుషుల యాత్రకు పనికొచ్చే రెండు సంగతులు ఆ తర్వాత జరిగాయి. 2023 సెప్టెంబర్ 3న చంద్రుడి మీద దిగిన విక్రమ్ నౌక ఇంజన్లు మళ్లీ మండించి 40 సెంటీమీటర్లు పైకి లేచి పక్కన దిగింది. ఆ తర్వాత చంద్రుడి కక్ష్యలో ఉన్న ప్రొపల్షన్ మాడ్యూల్‌ను భూమి కక్ష్యకు వెనక్కి రప్పించారు. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాల డాకింగ్ కూడా కుదిరింది. ఇవన్నీ చిన్న అడుగులే, కానీ ఎటువైపు వేయాలో అటే వేశారు. ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం-3 భూకక్ష్యకు మోయగలిగేది ఎనిమిది టన్నులు, రాబోయే కొత్త రాకెట్ లక్ష్యం 30 టన్నులు. సాటర్న్-5 దాదాపు 140 మోసింది. కాబట్టి మనవాళ్లు చంద్రుడికి వెళ్లాలంటే ముక్కలుగా పంపి పైన అతికించుకోక తప్పదు. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4ను రెండు ప్రయోగాల్లో పంపాలనుకోవడం అందుకే.

మిగిలినవి రెండు కష్టాలు. ఒకటి భూ వాతావరణంలోకి దూసుకు రావడం. భూకక్ష్య నుంచి వచ్చే క్యాబిన్ వేగం సెకనుకు 7.8 కిలోమీటర్లు, చంద్రుడి నుంచి వచ్చేదానికి 11. శక్తి రెట్టింపు. 2022 డిసెంబర్‌లో మనుషులు లేకుండా చంద్రుడి దాకా వెళ్లి తిరిగొచ్చిన ఆర్టెమిస్-1 హీట్ షీల్డ్ అనుకోని విధంగా ముక్కలుగా రాలింది. లోపల పుట్టిన వాయువు బయటికి పోలేకపోవడమే కారణమని తేల్చడానికి నాసాకు రెండేళ్లు పట్టింది. గగన్‌యాన్ కవచం ఉన్నదున్నట్టుగా చంద్రుడి యాత్రకు పనికిరాదు. రెండోది గాలి, నీళ్ల వ్యవస్థ. దాన్ని ఇచ్చేందుకు ఏ దేశమూ ముందుకు రాలేదు, మనమే చేసుకుంటున్నామని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ 2023లో చెప్పారు. మూడు రోజులకు సరిపడేది చేయడం ఒక ఎత్తు, నెలల తరబడి నడిచేది చేయడం ఒక ఎత్తు. 2040 మాట నిలబడుతుందో లేదో కొత్త రాకెట్ మొదటి ప్రయోగం రోజున తెలియదు. మన అంతరిక్ష కేంద్రంలో మనుషులు వరుసగా ఎన్ని నెలలు ఉన్నారు, అక్కడి యంత్రాలు ఎన్నిసార్లు ఆగాయి, కింది నుంచి సామాన్లు పంపకుండా వాళ్లే ఎన్నిసార్లు బాగు చేసుకున్నారు అన్న లెక్కలు అప్పుడు చూడాలి.